ఇల్లు చూసిన మనిషిని అడగండి

రాజమహేంద్రవరంలో నర్సింగ్ విద్యార్థులు, 108 సిబ్బంది కలిసి హాజరైన సభలో ఒక ఎమర్జెన్సీ నర్సు చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకు వినిపిస్తోందా? మంచిది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. నర్సింగ్ పిల్లలంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. 108 వాళ్లు మాత్రం, మధ్యలో ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా, గోడవారగా నిలబడ్డారు. ఇరవై ఏళ్ల కిందట మా క్యాజువాలిటీలో కూడా అచ్చం ఇలాగే ఉండేది. మేము బల్లకు ఇవతల, వాళ్లు అవతల. వచ్చి కూర్చోండి బాబూ. పైలట్లు, అదే బండి నడిపేవాళ్లు, మీరు కూడా రండి. మూడో వరుసలో ఆ అమ్మాయీ, కుర్చీ మీద బ్యాగు తియ్యమ్మా, అన్నయ్య కూర్చుంటాడు. (నవ్వులు)

నా మొదటి ఉద్యోగం కోస్తాలో ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో. ఏ ఆసుపత్రో చెప్పను, ఎందుకంటే చెప్పబోయే తప్పు ఆసుపత్రిది కాదు, నాది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఒక్కో జిల్లాకూ చేరుతున్న రోజులవి. అంతకుముందు మా దగ్గరకు రోగులు ఆటోలో వచ్చేవారు, ట్రాక్టరు మీద వచ్చేవారు, నులక మంచం మీద నలుగురు మోసుకొచ్చేవారు. మోసుకొచ్చిన వాళ్లకు రోగి ఏదో ఒక వరస అవుతాడు. బావమరిదో, పక్కింటి తాతో. ఏం తిన్నాడు, ఎవరితో గొడవపడ్డాడు, నిన్న ఏ డాక్టరు దగ్గర ఏ సూది వేయించుకున్నాడు, అన్నీ మేం అడగకుండానే చెప్పేవారు. మేమే విసుక్కునేవాళ్లం. 108 వచ్చాక యూనిఫారం వేసుకున్న ఒక కుర్రాడు, చేతిలో కాగితం, సంతకం పెట్టే చోట వేలు. పని సుఖంగా ఉన్నట్టు అనిపించింది.

ఒక రాత్రి రెండున్నరకు ఒకామెను తెచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి, కూలి పనులు చేసుకునే మనిషి. వాంతులు, విరేచనాలు, నీరసం. ఆ రాత్రి అప్పటికే ఒక ట్రాక్టరు బోల్తా కేసులో ఏడుగురు మా దగ్గర ఉన్నారు. ఈఎంటీ, అంటే అంబులెన్సులో రోగి పక్కనుండి ప్రథమ చికిత్స చేసే కుర్రాడు, "సిస్టర్, ఒక్క మాట" అన్నాడు. "సంతకం పెట్టాను కదా, ఇక వెళ్లు" అన్నాను. వెళ్లాడు. ఏదో పడని తిండి తిని ఉంటుంది అనుకుని సెలైన్ ఎక్కించాం. గంట గడిచింది. ఆమె నోటి నుంచి చొంగ ఆగకుండా కారుతోంది, ఒళ్లంతా చెమటకు తడిసిపోయింది. అప్పుడు టార్చి వేసి కళ్లు చూశాను. కంటిపాపలు గుండుసూది మొనంత. పురుగుమందు. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చి విరుగుడు మందు ఆట్రోపిన్ మొదలుపెట్టారు. ఆమె బతికింది.

తెల్లవారి అదే కుర్రాడు ఇంకో కేసుతో వచ్చాడు. రాత్రి ఏం చెప్పబోయావు అని అడిగాను. "గుడిసె వెనక డబ్బా దొరికింది సిస్టర్. మీరు అడుగుతారని బండిలో పెట్టుకొచ్చాను" అన్నాడు. వెళ్లి చూస్తే డబ్బా అప్పటికీ బండిలోనే ఉంది, సీటు కింద, గోనెపట్టాలో చుట్టి.

మా చదువులో ఆట్రోపిన్ మోతాదు ఉంది, కంటిపాపల గుర్తు ఉంది. ఆ డబ్బా మాత్రం అతని దగ్గర ఉంది. ఆ సంగతి నాకు గంట ఆలస్యంగా తెలిసింది. తర్వాత పదిహేనేళ్లు నేను చేసిన పనంతా ఒక రకంగా ఆ గంటను వెనక్కి తెచ్చుకునే ప్రయత్నమే.

2009లో టెక్సాస్ వెళ్లాను. అక్కడ ఎమర్జెన్సీ విభాగంలో చేరిన మొదటి వారం 'పారామెడిక్' అన్న మాట దగ్గరే తడబడ్డాను. మనం పారామెడికల్ సిబ్బంది అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసే ఆయన, ఫిజియోథెరపిస్టు, అందరినీ ఒకే గంపలో వేస్తాం. అక్కడ పారామెడిక్ అంటే అంబులెన్సులో వచ్చి, దారిలోనే ఈసీజీ తీసి, శ్వాసనాళంలో గొట్టం వేసి, మందులు ఎక్కించే మనిషి. ఈఎంటీకి పైమెట్టు. 2010 ప్రాంతంలో ఆ మాట ముందు ఇంకో మాట చేరడం విన్నాను: కమ్యూనిటీ పారామెడిక్. అంటే సైరన్ లేకుండా, ఎవరూ 911కి, అంటే అక్కడి అత్యవసర నంబరుకు, ఫోన్ చేయకుండా, మామూలు కారులో రోగి ఇంటికి వెళ్లి తలుపు తట్టే పారామెడిక్. బీపీ చూస్తాడు, పుండు కట్టు మారుస్తాడు, మందుల సీసాలన్నీ బల్ల మీద పోయించి లెక్కపెడతాడు, బాత్రూంలో జారే చోటు ఎక్కడుందో చూస్తాడు. అనుమానం వస్తే డాక్టరుకో, మాలాంటి నర్సుకో ఫోన్ చేస్తాడు. రోగికి మళ్లీ అంబులెన్సు ఎక్కే అవసరం రాకుండా చూడటం అతని పని. అంబులెన్సు మనిషికి ఆ పని అప్పగించడంలో ఉన్న చమత్కారం గమనించారా?

నర్సింగ్ పిల్లలకు ఒక చిన్న చరిత్ర. ఇది మీ పుస్తకాల్లో ఉండదు, ఉన్నా పరీక్షలో రాదు.

1960లలో అమెరికాలో కూడా అంబులెన్సు అంటే పరిస్థితి దయనీయం. చాలా ఊళ్లలో అంత్యక్రియల దుకాణాల వాళ్లే అంబులెన్సులు నడిపేవారు. పడుకోబెట్టి తీసుకెళ్లడానికి వీలైన పొడుగాటి బండి ఊళ్లో వాళ్ల దగ్గరే ఉండేది మరి. అదే బండి, అదే మనిషి. ప్రాణం ఉంటే ఆసుపత్రికి, లేకపోతే రెండో చోటికి. (నవ్వులు) నవ్వకండి, నిజం. పిట్స్‌బర్గ్ నగరంలోనైతే పోలీసు వ్యాన్లలో వేసుకుని వెళ్లేవారు. ఆ నగరంలో హిల్ డిస్ట్రిక్ట్ అని నల్లజాతి వాళ్లు ఉండే పేదల పేట ఒకటి ఉంది. 1967లో అక్కడ ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సేవ మొదలైంది. ఊపిరి ఆగిన మనిషికి నోటితో ఊపిరి ఊదే పద్ధతిని ప్రపంచానికి నేర్పిన వాళ్లలో ఒకరైన డాక్టర్ పీటర్ సాఫర్ దానికి శిక్షణ తయారుచేశారు. ఎవరికి? ఉద్యోగం లేని, కొందరైతే హైస్కూలు కూడా పూర్తిచేయని ఆ పేట కుర్రాళ్లకు. దేశంలో మొట్టమొదట అంత లోతైన శిక్షణ పొందిన అంబులెన్సు సిబ్బంది వాళ్లే. తర్వాత డాక్టర్ నాన్సీ కెరొలైన్ వాళ్లకు వైద్య డైరెక్టరుగా వచ్చారు. 1975లో నగరపాలక సంస్థ తన సొంత సేవ పెట్టుకుని దీన్ని మూసేసింది. ఆ కుర్రాళ్లలో చాలామందికి కొత్త సేవలో చోటు నిలవలేదు. ఎందుకు నిలవలేదో మీరు ఊహించగలరు, మన దేశం వాళ్లకు ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

సరిగ్గా అదే కాలంలో నర్సుల వైపు ఏం జరిగిందో చూడండి. బఫెలో నగరంలో ఆనీటా డార్ అనే నర్సు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక మందు ఈ అల్మారాలో, ఒక గొట్టం ఆ గదిలో వెతుక్కోవడం చూసి విసిగిపోయి, అన్నీ ఒక్కచోట ఉండే చక్రాల బండి తయారుచేశారు. ఇప్పుడు మీ వార్డులో తాళం వేసి ఉంటుందే, క్రాష్ కార్ట్, దాని తొలి రూపాల్లో అదొకటి. దేశానికి ఆ చివర కాలిఫోర్నియాలో జూడిత్ కెల్లెహర్ అనే మరో నర్సు. ఇద్దరూ కలిసి 1970లో ఎమర్జెన్సీ నర్సుల సంఘం పెట్టారు. అంటే ఎమర్జెన్సీ నర్సు, పారామెడిక్ అనే రెండు వృత్తులు మూడు నాలుగేళ్ల తేడాతో పుట్టాయి. కవలలు కాకపోయినా ఒకే ఇంట్లో వరసగా పుట్టిన పిల్లలు. ఒకరు గుమ్మం లోపల పెరిగారు, ఇంకొకరు గుమ్మం బయట పెరిగారు. గుమ్మం దగ్గర స్ట్రెచర్ చేతులు మారే ఆ రెండు నిమిషాలు తప్ప ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు.

ఇప్పుడు టెక్సాస్‌లోనే ఫోర్ట్ వర్త్ నగరం సంగతి. అక్కడ అప్పట్లో అంబులెన్సులు నడిపిన మెడ్‌స్టార్ అనే సంస్థ 2008 ప్రాంతంలో తన రికార్డులు తిరగేసి చూసుకుంది. ఒక్క ఏడాదిలో 21 మంది రోగులను దాదాపు 800 సార్లు ఆసుపత్రికి చేర్చామని తేలింది. ఇరవై ఒక్క మంది! సగటున తలకు నెలకు మూడు సార్లు. 108 తమ్ముళ్లు నవ్వుతున్నారంటే అర్థమైంది, మీకు కూడా ఇలాంటి వాళ్లు పేర్లతో సహా తెలుసు. మేం ఎమర్జెన్సీలో వాళ్లను ఏమనేవాళ్లమో ఇక్కడ చెప్పకూడదు. వాళ్లలో ఆస్తమా వాళ్లు, గుండె జబ్బు వాళ్లు, తాగుడు, మానసిక సమస్యలు, కేవలం ఒంటరితనం, అన్నీ ఉంటాయి. మెడ్‌స్టార్ 2009లో పారామెడిక్‌లకు అదనంగా తర్ఫీదు ఇచ్చి, ఈ రోగుల ఇళ్లకు ముందే, పిలవకుండానే పంపడం మొదలుపెట్టింది. మూడేళ్ల తర్వాత కాల్ సెంటర్‌లో ఒక నర్సును కూర్చోబెట్టారు. అంత తొందర లేదనిపించిన 911 కాల్స్ ఆమె దగ్గరకు వెళ్లేవి. ఆమె ప్రశ్నలు అడిగి, అంబులెన్సు కావాలా, రేపు ఉదయం క్లినిక్ చాలా, చెప్పేది.

మా ఊళ్లో మా ఆసుపత్రి కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటి పెట్టుకుంది, చిన్నది. అందులో నేను నర్సు వైపు మనిషిని. ఇంటికి వెళ్లిన పారామెడిక్ ఫోన్ చేస్తే మాట్లాడటం, రోగి పాత కాగితాలు చూసి చెప్పడం, అవసరమైతే డాక్టరును లైన్లోకి తేవడం నా పని. ఆ రోజుల్లో జరిగిన ఒక్క కేసు చెబుతాను. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మన తెలుగావిడే. కొడుకు, కోడలి దగ్గర స్థిరపడి ఉంటున్నారు. డెబ్బై దాటాయి. గుండె పంపింగ్ తగ్గి ఒంట్లో నీరు చేరే జబ్బు. రెండు నెలల్లో మూడు సార్లు ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చారు. వచ్చినప్పుడల్లా నీరు తీసే ఇంజెక్షన్ ఇస్తాం, నాలుగు రోజులు ఉంచుకుంటాం, తేలిక పడగానే పంపిస్తాం. పంపేటప్పుడు నేనే కూర్చుని తెలుగులో చెప్పాను. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి, ఒక్క రోజులో కిలో పెరిగినా, వారంలో రెండు కిలోలు దాటినా ఫోన్ చేయండి, ఉప్పు తగ్గించండి. అన్నిటికీ "అలాగే తల్లీ" అన్నారు. మా ఆసుపత్రి ఇచ్చే కాగితంలో తినకూడనివి బొమ్మలతో సహా ఉంటాయి: డబ్బా సూపు, చిప్స్, హాట్ డాగ్, పిజ్జా. ఆవిడ చూసి "ఇవేవీ నేను ముట్టనే ముట్టను" అన్నారు. అక్షరాలా నిజం.

మూడోసారి డిశ్చార్జ్ అయ్యాక పారామెడిక్ ఇంటికి వెళ్లాడు. టెక్సాస్ వాడే, ఆరడుగుల మనిషి, ముప్పై ఏళ్లు అంబులెన్సులోనే గడిపాడు. అక్కడి నుంచి నాకు ఫోన్. "రెండు సంగతులు. ఒకటి, బరువు చూసే యంత్రం మేడ మీద కొడుకు బాత్రూంలో ఉంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కింద గదిలో ఉంటారు. నెల రోజులుగా మెట్లు ఎక్కలేదట." నేను మూడు సార్లు "రోజూ బరువు చూసుకుంటున్నారా" అని అడిగాను. "యంత్రం ఎక్కడుంది" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ అబద్ధం చెప్పారా అంటే, చూసుకోవాలనే అనుకున్నారు, కొడుకును రోజూ కిందికి తెమ్మని అడగడం మొహమాటం. అంతే.

"రెండోది, వంటగదిలో పెద్ద జాడీలు నాలుగున్నాయి. ఎర్రటి నూనెలో ఏవో ముక్కలు తేలుతున్నాయి. ఊరవేసిన కూరగాయలని రాసుకున్నాను, అంతేనా?"

(నవ్వులు, చప్పట్లు)

అంతే కాదు నాయనా, ఫోన్ ఆవిడకు ఇవ్వు అన్నాను. "ఆవకాయ తింటున్నారా పెద్దమ్మగారూ?" "రెండు పూటలా. నోరు చప్పగా అయిపోయింది కదా అని, మీరు ఉప్పు మానేయమన్నారు కదా, కూరల్లో మానేశాను. మరి అన్నం దిగాలి కదా తల్లీ?" కూరలో ఉప్పు మానేసి, ఆ లోటు ఆవకాయతో తీర్చుకుంటున్నారన్న మాట. లెక్క చూడండి. ఒక చిన్న చెంచా ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మేం కాగితం మీద ఆవిడకు రాసింది రోజు మొత్తానికి 2,000. జాడీలో ఉప్పు ఎంత పోస్తామో ఈ హాల్లో తెలియనివాళ్లు లేరు.

ఇందులో నాకు ఇష్టమైన విషయం ఏమిటంటే, ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా ఇది తేలేది కాదు. అతను జాడీ చూశాడు, అదేమిటో తెలియదు. నాకు ఆవకాయ అంటే ఏమిటో తెలుసు, ఆవిడతో తెలుగులో మూడు సార్లు మాట్లాడాను, అయినా జాడీ చూడలేదు. తెలుగుదాన్నై ఉండి, ఆ బొమ్మల కాగితం ఆవిడ చేతిలో పెట్టి పంపినదాన్ని నేనే!

ఆవకాయ పూర్తిగా మానమని చెప్పలేదు. చెబితే మానరు, పైగా మన దగ్గర దాచడం మొదలుపెడతారు. కూరలో కాస్త నిమ్మరసం పిండుకోండి, ఆవకాయ ఆదివారం మధ్యాహ్నం ఒక్క చిన్న ముక్క, నూనె వంచేసి, అని బేరం కుదిరింది. పారామెడిక్ మేడెక్కి ఆ యంత్రాన్ని కిందికి తెచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టి, పౌండ్లు చూపిస్తున్న దాన్ని కిలోలకు మార్చి వచ్చాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో ఆవిడ మా ఎమర్జెన్సీకి ఒకే ఒక్కసారి వచ్చారు, అదీ మనవడి బొమ్మకారు మీద కాలు పడి మణికట్టు విరిగి. దానికి మా దగ్గర మందు లేదు. (నవ్వులు)

ఇక్కడ గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీకోసం కెనడా సంగతి ఒకటి. నోవా స్కోషియా రాష్ట్రంలో లాంగ్, బ్రయర్ అని రెండు దీవులు, ఒకదాని కొసన ఇంకొకటి. దూరపు దీవి నుంచి ప్రధాన భూభాగానికి రావాలంటే రెండు చోట్ల పడవ దాటాలి. రెండింటిలో కలిపి అప్పట్లో జనాభా పన్నెండు వందల చిల్లర, ఎక్కువగా చేపల వేట వాళ్లు, వయసు మీరినవాళ్లు. డాక్టరు ఉండడు. వచ్చినా నిలవడు. లంకల్లో మీకు తెలిసిన కథే. అయితే అత్యవసరానికి అంబులెన్సు మాత్రం రాత్రింబవళ్లు అక్కడే ఉండాలి కదా, కాబట్టి పారామెడిక్‌లు ఉన్నారు. రోజుల తరబడి కాల్ రాదు. ఖాళీగా కూర్చున్న ఆ చేతులకు 2000 తర్వాత పని ఇచ్చారు. బీపీ చూడటం, రక్తం తీయడం, ఫ్లూ టీకాలు, కట్లు మార్చడం. తర్వాత ఒక నర్స్ ప్రాక్టీషనర్‌ను, అంటే పరీక్షించి మందు రాయడానికి చట్టప్రకారం అధికారం ఉన్న నర్సును, దీవిలోనే పెట్టారు. డాక్టరు ఒడ్డున ఉండేవాడు, ఫోన్లో దొరికేవాడు. దీని మీద పరిశోధన జరిగి 2009లో అచ్చయింది. ఖర్చు తగ్గింది, వైద్యం దగ్గరైంది, జనం తృప్తిపడ్డారు అని తేలింది. నాకు అందులో ఆసక్తి కలిగించింది ఖర్చు కాదు. నర్సు, పారామెడిక్ ఒకే చిన్న క్లినిక్‌లో, ఒకే టీ కెటిల్ పక్కన కూర్చున్నారు. కాగితంతో పనిలేకుండా రోగి సంగతి చేరిపోతుంది.

అంతా సవ్యంగా జరిగిందని అనుకోకండి. గొడవలున్నాయి, మా నర్సుల వైపు నుంచే ఎక్కువ. కాలిఫోర్నియాలో 2014లో కమ్యూనిటీ పారామెడిక్ ప్రయోగాలకు అనుమతి రాగానే అక్కడి నర్సుల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. ఇంటికి వెళ్లి చూడటం నర్సు పని, తక్కువ చదువున్న మనిషితో చవగ్గా కానిచ్చేస్తారా అని. ఆ మాటలో స్వార్థం ఎంత, న్యాయం ఎంత అంటే, న్యాయం సగం కంటే ఎక్కువే ఉందని నా అభిప్రాయం. మాకు పుండు చూడటం నాలుగేళ్లు నేర్పుతారు. అతనికి నేర్పింది నాలుగు నిమిషాల్లో ప్రాణం నిలబెట్టడం. ఇంట్లో కూర్చుని నెలల తరబడి ఒక మనిషి జబ్బు కనిపెట్టుకుని ఉండటం వేరే విద్య. 2020లో అక్కడ చట్టం వచ్చింది, షరతులతో. మిన్నెసోటా అంతకు ముందే, 2011లోనే, కమ్యూనిటీ పారామెడిక్‌ను చట్టంలో గుర్తించింది. ఎవరు ఏ పని చేయకూడదో రాసుకున్న చోటనే స్నేహాలు నిలిచాయి. ఇది నేను చూసి చెబుతున్నది.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. ఇంట్లో వదిలి రావడం అన్నిటికంటే పెద్ద నిర్ణయం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి రాకపోవచ్చు. "కాస్త నీరసంగా ఉంది బాబూ" అంటారు, అంతే. అందుకే అక్కడ ఇంటికి వెళ్లిన పారామెడిక్ ఒంటరిగా తేల్చడు. ఫోన్ చేస్తాడు. రెండో బుర్ర ఒకటి ఉండాలి.

డబ్బు సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, క్షమించండి. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వ బీమా ఉంది, మెడికేర్. అంబులెన్సు రోగిని ఆసుపత్రికి మోస్తేనే దాని నుంచి డబ్బు వస్తుంది. ఇంటి దగ్గరే బాగుచేసి వదిలేస్తే రూపాయి రాదు, అదే, డాలరు రాదు. మంచి పని చేస్తే నష్టం, అనవసరంగా మోస్తే లాభం. దీన్ని సరిచేయడానికి ఐదేళ్ల ప్రయోగం అని 2021లో ఒక పథకం మొదలుపెట్టారు. ఇంటి దగ్గర చికిత్స చేసినా డబ్బిస్తాం అని. చేరినవాళ్లు, వాడుకున్నవాళ్లు అనుకున్నంత లేరని 2023 చివరికే మూసేశారు. దాన్ని నమ్ముకుని మనుషుల్ని పెట్టుకున్న అంబులెన్సు సంస్థల సంగతి ఎవరు చూస్తారు? ఇంకో వైపు, 2012 నుంచి ఒక నిబంధన ఉంది. గుండె వైఫల్యం, న్యుమోనియా లాంటి జబ్బులతో డిశ్చార్జ్ అయినవాళ్లు 30 రోజుల్లో మళ్లీ చేరడం మరీ ఎక్కువైతే ఆసుపత్రికి కోత పడుతుంది. ఆ కోత భయంతోనే చాలా ఆసుపత్రులు కమ్యూనిటీ పారామెడిక్‌లకు జీతాలివ్వడానికి ముందుకొచ్చాయి. మా ఆవకాయ పెద్దమ్మగారి ఇంటికి మనిషిని పంపింది కూడా ప్రేమతో కాదు. ఏదైతేనేం, యంత్రం కిందికి వచ్చింది.

కోవిడ్ కాలంలో, 2020 నవంబరులో ఇంకో తలుపు తెరుచుకుంది. ఆసుపత్రిలో చేర్చుకోవలసిన రోగిని ఇంట్లోనే ఉంచి ఆసుపత్రి స్థాయి వైద్యం చేయడానికి మెడికేర్ అనుమతించింది. దాని నిబంధనల్లో ఉన్న ఒక మాట నాకు బాగా నచ్చింది. రోజుకు రెండు సార్లు రోగి ఇంటికి ఎవరో ఒకరు స్వయంగా వెళ్లాలి. ఆ వెళ్లేది రిజిస్టర్డ్ నర్సు అయినా కావచ్చు, పారామెడిక్ అయినా కావచ్చు. యాభై ఏళ్ల తర్వాత ఇద్దరి పేర్లూ ఒకే వాక్యంలో!

సరే, మన ఊరికి వద్దాం.

మన 108 ఈఎంటీలను రోగిని ఇంట్లో వదిలి రమ్మని నేను చెప్పడం లేదు. వాళ్లకు ఆ అధికారం లేదు, వెనక ఫోన్లో డాక్టరు, నర్సు ఉండే ఏర్పాటు బలపడకుండా ఇవ్వకూడదు కూడా. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు, అడ్వాన్స్ కేర్ పారామెడిక్ అన్న పేర్లు ఉన్నాయి. వృత్తికి గుర్తింపు, చదువుకు ప్రమాణం రావలసిన దారి అది. వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి.

మనకు ఇంటికి వెళ్లే మనుషులకు కొదవ లేదు. ఆశా కార్యకర్త వెళ్తుంది, ఏఎన్ఎం వెళ్తుంది, 104 బండి ఊళ్లోకి వస్తుంది. అమెరికా వాళ్లు కొత్తగా కనిపెట్టిన కమ్యూనిటీ పారామెడిక్ పనిలో సగం మన ఆశా ఎప్పటి నుంచో చేస్తోంది, చాలీచాలని డబ్బుకు. లేనిది ఒక్కటే. క్యాజువాలిటీ నుంచి ఆ మనిషికి ఒక ఫోను. రంపచోడవరం పైన కొండల్లో ఒక మనిషిని డోలీలో మోసుకొచ్చి, రోడ్డు దగ్గర 108 ఎక్కించి, ఇక్కడికి చేరుస్తారు. మనం బాగుచేసి పంపుతాం. ఎలా వచ్చాడో తెలియని మనం, "వారం తర్వాత మళ్లీ రావాలి" అని కాగితం మీద రాస్తాం. ఎవరు మోస్తారు వారం తర్వాత? ఆ రాసే ముందు తెచ్చిన ఈఎంటీని అడిగితే చెప్పేవాడు, వాళ్ల ఊరికి దగ్గర పీహెచ్‌సీ ఏదో, ఏ వారం సంతకు వాళ్లు కిందికి దిగుతారో. సంత రోజుకు రమ్మని రాయడానికి మనకు సిరా ఏమీ ఎక్కువ ఖర్చు కాదు.

నర్సింగ్ పిల్లలూ, సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇంట్లో ఏం చూశావు?" బీపీ ఎంత అని కాదు, అది కాగితంలో ఉంటుంది. ఇంట్లో ఎవరున్నారు, మందుల కవరు తెచ్చావా, పొయ్యి వెలిగిందా లేదా. కవరు తెస్తే విప్పి చూడండి. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో, ఇద్దరు డాక్టర్లు రాసినవి, రెండూ వేసుకునేవాళ్లు మనలో ఎంతమందో! నెలకొకసారి మీ రిజిస్టరు తిరగేసి, మూడు నెలల్లో మూడు సార్లు వచ్చిన పేర్లు ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఫోర్ట్ వర్త్‌లో చేసింది అంతకంటే గొప్ప పనేమీ కాదు.

చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక, చెప్పు బాబూ.

(108 ఈఎంటీ ఒకరు: మేడమ్, మేం చెబుదామన్నా వినే తీరిక సిస్టర్లకు ఉండదు. ఇంకోటి, మేం తెచ్చిన పేషెంటు బతికాడో లేదో మాకు ఎప్పటికీ తెలియదు. అడిగితే నీకెందుకు అంటారు.)

రెండోది ముందు. నువ్వు చెప్పింది నిజం, అది పెద్ద అన్యాయం. నాతో పనిచేసిన ఆ ఆరడుగుల మనిషి కూడా ఇదే అనేవాడు. ముప్పై ఏళ్లు సినిమాలో మొదటి సగమే చూశాను అని. రోగి వివరాలు ఎవరికి పడితే వాళ్లకు చెప్పకూడదు, అది నియమం. కానీ తెచ్చిన మనిషికి, వైద్యంలో భాగమైన మనిషికి, "నిలబడ్డాడు" అని ఒక్క మాట చెప్పడం ఏ నియమాన్నీ తప్పడం కాదు. మీ సూపరింటెండెంటు గారు ఇక్కడే ఉన్నారు, వారానికొకసారి పది నిమిషాలు ఇద్దరినీ కూర్చోబెట్టమని నేను ఇప్పుడే అడుగుతున్నాను. తల ఊపారు, అందరూ చూశారు కదా. (చప్పట్లు)

మొదటిదానికి, తీరిక ఉండదు. ఏడుగురు రోగులకు ఒక్క నర్సు ఉంటే నాకూ ఉండేది కాదు. అందుకే నేను వాళ్లను ఇక్కడి నుంచి బయటికి పంపాలనుకుంటున్నాను. అమ్మాయిలూ, మీలో ఎంతమంది 108 బండి లోపలికి ఎప్పుడైనా ఎక్కారు? రోగిగా కాదు. ఇద్దరు. మిగతా వాళ్లెవరూ లేరా? ఇంత పెద్ద హాల్లో?

గేటు దగ్గర బండి నిలబడి ఉంది, వచ్చేటప్పుడు చూశాను. మీ ప్రిన్సిపాల్ గారితో, జిల్లా మేనేజరు గారితో నిన్ననే మాట్లాడాను. వచ్చే సోమవారం నుంచి రోజుకు ఇద్దరు, పగటి షిఫ్టు, ఈఎంటీ పక్కన కూర్చుని వెళ్లవచ్చు. ఏమీ చేయనక్కరలేదు. ఇల్లు చూసి రండి, చాలు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. మొదటి రోజుకు పేర్లు ఎవరిస్తారు? నువ్వా? నీ పక్కన బ్యాగు తీసిన అమ్మాయి, నువ్వు కూడా. రాసుకో బాబూ.